రెండు కొలువుల కెమెరా

ఇరవై ఏళ్ల కిందట శామ్‌సంగ్ ఒక వింత కెమెరా అమ్మింది. పేరు డ్యుయోక్యామ్. దానికి రెండు కళ్లు. ఒకటి వీడియోకి, ఇంకోటి ఫొటోకి. వెనక సెన్సార్లు కూడా రెండు. వీడియో తీస్తూ తీస్తూ ఫొటో కావాలనిపిస్తే కెమెరా తల తిప్పి రెండో కన్ను ముందుకి తెచ్చుకోవాలి. చూసినవాళ్లు నవ్వుకున్నారు గానీ, నా మటుకు నాకు అంత నిజం చెప్పిన కెమెరా మళ్లీ కనబడలేదు. ఈ రెండు పనులూ ఒక్క కంటితో కుదిరేవి కావని ఒప్పుకుని, ఒకే పెట్టెలో రెండు కెమెరాలు సర్దేశారు. ఆ తర్వాత వచ్చినవన్నీ కుదురుతుందనే చెబుతూ వచ్చాయి.

పెళ్లికి లగ్నపత్రిక రాసుకున్నవాళ్లు, మనవరాలి అన్నప్రాసనకి రోజులు లెక్కపెట్టుకుంటున్న తాతలు, పిల్లల స్కూలు వార్షికోత్సవానికి ఆఖరి వరసలో కుర్చీ దొరికే తల్లిదండ్రులు అడిగేది ఒక్కటే. వీడియో బాగా రావాలి, ఫొటోలూ బాగుండాలి, కొనేది మాత్రం ఒకటే. కొట్టువాడు దీనికి మెగాపిక్సెళ్లలో జవాబు చెబుతాడు. యూట్యూబు 4కే, 6కే అంటుంది. నా ఉద్దేశంలో ఫొటోకీ వీడియోకీ మధ్య పిక్సెళ్ల తగువు ఎప్పుడో తీరిపోయింది. తీరనిది షట్టరు తెరిచి ఉండే కాలం గురించిన తగువు. దాని పక్కనే కెమెరా పట్టుకున్న చేతి గొడవ ఇంకోటి.

మొదట పిక్సెళ్ల సంగతి. ఇళ్లలోకి వచ్చిన మొదటి కామ్‌కార్డరు సోనీ బీటామూవీ, 1983లో. అది రికార్డు చేయడమే తప్ప తిరిగి చూపించేది కాదు. టేపు ఇంటికి తెచ్చి డెక్కులో పెట్టుకోవాల్సిందే. 1985లో అదే కంపెనీ హ్యాండీక్యామ్ అనే పేరు ఎత్తుకుంది. వనస్పతి అంతా డాల్డా అయినట్టు, ఫొటోకాపీ అంతా జిరాక్స్ అయినట్టు, మనకి ఏ కంపెనీ వీడియో కెమెరా అయినా హ్యాండీక్యామే అయిపోయింది. 1995లో మినీడీవీ క్యాసెట్ వచ్చాక బొమ్మ డిజిటల్ అయింది. అప్పుడే కెమెరాల మీద ‘ఫొటో’ అని ఒక బటన్ కూడా మొలిచింది. అది నొక్కితే బొమ్మ గడ్డకట్టినట్టు ఆగి, ఏడు సెకన్లపాటు టేపు మీద అలాగే ఎక్కేది. వెనకాల మాటలు మాత్రం వినబడుతూనే ఉండేవి. మన దేశపు పాల్ పద్ధతిలో ఆ బొమ్మ 720 అడ్డం, 576 నిలువు. గుణిస్తే నాలుగు లక్షల పిక్సెళ్లు. స్టూడియోలో 4×6 ప్రింటు నాణ్యంగా వేయాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 21 లక్షలకి పైగా కావాలి. అంటే ఆ ‘ఫొటో’ సాధారణ ప్రింటులో ఐదో వంతుకి సరిపోయేది.

ఆ రోజుల్లో అమెరికా నుంచి వచ్చే బావగార్ల సూట్‌కేసులో హ్యాండీక్యామ్ తప్పకుండా ఉండేది. మా బావగారూ తెచ్చారు. సత్యనారాయణ వ్రతం మొత్తం తీశారు. సాయంత్రం మా పాత టీవీకి తగిలించి చూస్తే బొమ్మ నలుపు-తెలుపుల్లో పైనుంచి కిందకి దొర్లడం మొదలుపెట్టింది. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. దేవుడి పటం, పంతులుగారు, మా నాన్న, అందరూ వరసగా దొర్లారు. ఆ తగువుకి ఇవాళ్టికీ ఒక తోక మిగిలి ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఆ తర్వాత పదిహేనేళ్లు మెగాపిక్సెళ్ల హడావిడి. హ్యాండీక్యాములు హెచ్‌డీకి, తర్వాత 4కేకి వచ్చాయి. ఫొటో లెక్కలు కూడా అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో పెరిగాయి. ఇక్కడ కాస్త జాగ్రత్త. 2016లో వచ్చిన సోనీ ఏఎక్స్53 చాలా మంచి హ్యాండీక్యామ్, ఆ మాట నేనే పదిమందికి చెప్పాను. దాని ఫొటో సైజు 16.6 మెగాపిక్సెళ్లు అని రాసి ఉంటుంది. అదే కాగితంలో కింద, చిన్న అక్షరాల్లో, సెన్సార్ మీద పనిచేసే పిక్సెళ్లు 8.29 మెగా అని కూడా ఉంటుంది. మిగతా సగం ఎక్కడిది? పక్క పిక్సెళ్లని చూసి కెమెరా అల్లుకున్నది. పలచని మజ్జిగ ఎన్ని గ్లాసులైనా అవుతుంది, పాలు మాత్రం పోసినన్నే. అందుకే వీడియో కెమెరా కొనేటప్పుడు ‘స్టిల్ సైజు’ అనే వరస వదిలేసి ‘ఎఫెక్టివ్ పిక్సెల్స్’ అనే వరస చదవాలి.

అయితే ఆ 8.29 తక్కువేమీ కాదు. 8×12 ప్రింటుకి కావలసిన 86 లక్షల పిక్సెళ్లకి అది దాదాపు సరిపోతుంది. మన పెళ్లి ఆల్బముల్లో పరిచే 12×36 షీటుకి పూర్తి లెక్క వేస్తే 389 లక్షలు అవుతాయి గానీ, ఆ షీటు మీద ఒకే ఫొటో పరచడం అరుదు. నాలుగైదు ఫొటోలు, వెనక ఒక మబ్బు, మూలన ఒక గులాబీ. 20 మెగాపిక్సెళ్ల కెమెరా దానికి కావలసినంత. ఇవాళ అంగుళం సెన్సార్ కెమెరాల దగ్గర్నుంచి పైకి ఏది చూసినా దాదాపు ఆ పాటి పిక్సెళ్లు ఉంటున్నాయి. పిక్సెళ్ల తగువు తీరిపోయిందని నేనన్నది ఇందుకే.

కథ మలుపు తిరిగింది 2008లో. అప్పటిదాకా వీడియో కెమెరా ఫొటో నేర్చుకోవడానికి తంటాలు పడుతుంటే, ఫొటో కెమెరా వచ్చి వీడియో నేర్చేసుకుంది. ఆ ఆగస్టులో నికాన్ డీ90, సెప్టెంబరులో కానన్ 5డీ మార్క్ 2. రెండోదానిలో 21 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్, దాని మీద ఫుల్ హెచ్‌డీ వీడియో. వెనకంతా మసకబారి మొహం ఒక్కటే తేలే సినిమా చూపు మొదటిసారి మామూలు మనిషి చేతికి వచ్చింది. హైదరాబాద్‌లో షార్ట్ ఫిల్ముల వెల్లువకి ఆ కెమెరా, దాని తమ్ముడు 7డీ పెద్ద ఊతం. రామ్‌గోపాల్ వర్మ 2011లో ‘దొంగల ముఠా’ని ఐదు రోజుల్లో 5డీ కెమెరాలతోనే తీశారు.

5డీ మార్క్ 2 పాపాలు కూడా చెప్పుకోవాలి. ఫైలు 4 జీబీ దాటితే రికార్డింగు ఆగిపోయేది, అంటే పన్నెండు నిమిషాలు. మంగళసూత్రధారణ మధ్యలో ఆగిపోతే మీ ఖర్మ. వీడియో నడుస్తుండగా ఫొటో నొక్కితే వీడియోలో ఒక సెకను గడ్డకట్టేది. సెన్సార్ మీద ఉన్న వరసలన్నీ చదివే తీరిక లేక కొన్ని వరసలు వదిలేసి చదివేది. దాంతో సన్న గళ్ల మంగళగిరి చీర తెర మీద ఇంద్రధనుస్సు రంగుల అలలుగా కదిలేది. చీర కట్టుకున్న ఆవిడ కదిలితే అలలూ కదిలేవి. ఇప్పటి మంచి కెమెరాలు వరసలు వదలవు. 6కే అంతా చదివి 4కేకి కుదిస్తాయి. అమ్మేవాడు ‘ఓవర్‌శాంప్లింగ్’ అన్నాడంటే అర్థం అది. పట్టుచీరల ఇళ్లలో ఆ ఒక్క మాటకి విలువ ఉంది.

చాలా ఏళ్లు ఫొటో కెమెరాలు వీడియోని 29 నిమిషాల 59 సెకన్లకి ఆపేసేవి. వేడి వల్లేమో, కార్డు వల్లేమో అనుకునేవాళ్లం. అసలు కారణం యూరప్ సుంకం. అరగంట, ఆపైన రికార్డు చేసేదాన్ని అక్కడ వీడియో కెమెరాగా లెక్కగట్టి పన్ను వేసేవారు, ఫొటో కెమెరాకి పన్ను లేదు. ఒక్క సెకను తగ్గిస్తే పన్ను తప్పుతుంది. అక్కడి పన్ను కోసం పెట్టిన గడియారం మన పెళ్లి పీటల మీద ఎన్ని వీడియోలు కోసిందో. మన జీఎస్టీ ఈ విషయంలో నయం. 2019 జనవరి నుంచి డిజిటల్ కెమెరా, వీడియో కెమెరా రెంటినీ కలిపే 28 నుంచి 18 శాతానికి దించారు. ఇప్పుడు కొత్త కెమెరాల్లో ఆ అరగంట గండం చాలావరకు పోయింది. పాతది కొనేవాళ్లు మాత్రం అడిగి తెలుసుకోవాలి.

ఇక అసలు విషయం. మా తమ్ముడి పెళ్లిలో కెమెరా నా చేతిలోనే ఉంది. తలంబ్రాల ఘట్టం అంతా 4కే వీడియో తీశాను. దానిలోంచి ఒక్కో ఫ్రేమూ 83 లక్షల పిక్సెళ్ల ఫొటో, సెకనుకి పాతిక ఫొటోలు, ఇక విడిగా ఫొటోలెందుకు అనుకున్నాను. తర్వాత కూర్చుని మంచి ఫ్రేము ఏరి, ప్రింటు వేయించి వదిన చేతికిచ్చాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, “తలంబ్రాలేవయ్యా? దారాలు కనబడుతున్నాయి” అంది. నిజమే. పెళ్లికూతురి చేతిలోంచి పడుతున్న ప్రతి బియ్యపు గింజా ఒక పసుపు గీత.

తప్పు కెమెరాది కాదు. వీడియో సెకనుకి 25 ఫ్రేములు తీస్తుంటే, ఒక్కో ఫ్రేముకి షట్టరు సెకనులో యాభయ్యో వంతు తెరిచి ఉండాలి. అప్పుడే కదలిక కంటికి సహజంగా ఉంటుంది. ఆ యాభయ్యో వంతులో గింజ కిందకి జారుతుంది, ఆ జారుడంతా ఫ్రేములో గీతగా పడుతుంది. వీడియో నడుస్తున్నప్పుడు ఆ గీతే కంటికి గింజలా అనిపిస్తుంది. ఫొటోకి మాత్రం గింజ గింజలాగే కావాలి. దానికి షట్టరు ఎనిమిది వందలో వంతో, వెయ్యో వంతో మాత్రమే తెరుచుకోవాలి. పోనీ వీడియోనే ఆ వేగంతో తీస్తే? తీయొచ్చు. ఫొటోలు ముత్యాల్లా వస్తాయి, వీడియో మాత్రం పాతకాలపు కీలుబొమ్మలాట లాగా టకటకా ఎగురుతుంది. పానసోనిక్ 2014లో ‘4కే ఫొటో’ అని ఒక సదుపాయం తెచ్చింది. సెకనుకి 30 ఫ్రేములు తీసి కావలసిన ఫొటో ఏరుకోవచ్చు. చక్కటి సదుపాయం. దాని కిటుకు కూడా షట్టరు వేగం పెంచడంలోనే ఉంది. అలా తీసినది ఫొటోల కట్టగా బాగుంటుంది గానీ, వీడియోగా వేసి చూస్తే కళ్లు నొప్పెడతాయి.

ఇదే తీరని తగువు. ఏ కంపెనీ ఏ చిప్పు పెట్టినా, ఒకే క్షణంలో ఒకే షట్టరు యాభయ్యో వంతూ వెయ్యో వంతూ ఉండలేదు. కదలని ఘట్టాల్లో ఇది బాధించదు. పీటల మీద కూర్చున్న జంట, హారతి పళ్లెం, నవ్వుతున్న తాతయ్య, వీటిని వీడియోలోంచి కోసుకున్నా బాగానే ఉంటాయి. తలంబ్రాలు, పరిగెత్తే పిల్లలు, కూచిపూడి జతి, ఇవి మాత్రం రెండింటిలో ఒకటే ఎంచుకోమంటాయి.

ఇక్కడే సెన్సార్ సైజు ఎందుకు ముఖ్యమో కూడా తేలుతుంది. షట్టరు యాభయ్యో వంతు నుంచి ఎనిమిది వందలో వంతుకి తగ్గితే లోపలికి వచ్చే వెలుగు పదహారో వంతు అవుతుంది. ఫంక్షన్ హాల్లో అది మామూలు నష్టం కాదు. చిన్న హ్యాండీక్యామ్ సెన్సార్ వైశాల్యం సుమారు 25 చదరపు మిల్లీమీటర్లు. అంగుళం సెన్సార్ 116. ఏపీఎస్-సీ 366. ఫుల్‌ఫ్రేమ్ 864. హ్యాండీక్యామ్ కంటే ఏపీఎస్-సీ పద్నాలుగు పదిహేను రెట్లు పెద్దది. అంటే వేగంగా ఫొటో తీయడం వల్ల పోగొట్టుకున్న వెలుగుని దాదాపు అంతా పెద్ద సెన్సార్ తిరిగి ఇవ్వగలదు. (అంగుళం సెన్సార్ అంటే అంగుళం ఉంటుందనుకోకండి. కర్ణం పొడవు 16 మిల్లీమీటర్లే. వెనకటి వీడియో కెమెరాల గాజు గొట్టాల బయటి కొలతల నుంచి వచ్చిన పేరు అది. గొట్టం పోయింది, కొలత మిగిలింది.)

ఇక్కడొక మెలిక ఉంది, దీన్ని అమ్మేవాళ్లు చెప్పరు. చిన్న హ్యాండీక్యామ్ లెన్సు ఎఫ్/2 దగ్గర తెరుచుకుంటుంది. పెద్ద కెమెరాతో ఉచితంగా వచ్చే కిట్ లెన్సు ఎఫ్/3.5 దగ్గర, జూమ్ చేస్తే ఎఫ్/5.6 దగ్గర. ఎఫ్/2 నుంచి ఎఫ్/3.5కి వెలుగు మూడో వంతుకి పడిపోతుంది. పెద్ద సెన్సార్ సంపాదించి పెట్టినదాన్ని కిట్ లెన్సు తినేస్తుంది. అందుకని మార్చే లెన్సుల కెమెరా కొనేవాళ్లు బాడీ మీద కొంచెం తగ్గించుకుని అయినా సరే, ఎఫ్/1.8 లెన్సు ఒకటి కొనుక్కోవాలి. కొత్త మోడల్ బాడీ, కిట్ లెన్సుతో తీసిన పెళ్లి కంటే పాత మోడల్ బాడీ, ఎఫ్/1.8 లెన్సుతో తీసిన పెళ్లే బాగుంటుంది. దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను.

మరి హ్యాండీక్యామ్ చచ్చిపోయిందా? అమ్మకాల్లో దాదాపు అంతే. కానీ ఒక్క పనిలో దానికి సాటి లేదు, అది దూరం. ఏఎక్స్53 జూమ్ ఇరవై రెట్లు. ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 536 మిల్లీమీటర్లు. సెన్సార్ చిన్నది కాబట్టి అంత దూరాన్ని 88 మిల్లీమీటర్ల అసలు లెన్సుతో సాధిస్తుంది, అరచేతిలో ఇమిడిపోతుంది. అదే దూరం ఏపీఎస్-సీ మీద కావాలంటే 357 మిల్లీమీటర్ల లెన్సు కావాలి. దాన్ని రెండు గంటలు చేత్తో పట్టుకుంటే మర్నాడు భుజం లేవదు. స్కూలు వార్షికోత్సవంలో ఆఖరి వరస నుంచి మీ పాప మొహం తీయాలంటే, రథోత్సవం మేడ మీంచి తీయాలంటే, హ్యాండీక్యామే. ఫొటోలు కూడా అదే దూరంలో కావాలంటే మధ్యేమార్గంగా అంగుళం సెన్సార్ బ్రిడ్జి కెమెరాలు ఉన్నాయి. 2017 నాటి సోనీ ఆర్‌ఎక్స్10 మార్క్ 4 లెన్సు 24 నుంచి 600 మిల్లీమీటర్లు, ఫొటో 20 మెగాపిక్సెళ్లు. పాతదే, బరువే, అయినా ఒక్క కెమెరాతో రెండు కొలువులూ చేయించుకోవాలనే మాటకి అత్యంత దగ్గరగా వచ్చింది నా దృష్టిలో అదే. దొరికితే వదలకండి.

ఇప్పుడు వ్లాగింగ్ కెమెరాలు అనే జాతి ఒకటి బయల్దేరింది. చిన్నవి, తేలిక, తెర ముందుకి తిరుగుతుంది, వీడియో అద్భుతం. వాటిలో ఫొటోకి ఒక ఉచ్చు ఉంది. 2024లో వచ్చిన పానసోనిక్ ఎస్9లో, సోనీ జెడ్‌వీ-ఈ10 రెండో మోడల్‌లో మెకానికల్ షట్టరే లేదు. అంతా ఎలక్ట్రానిక్. ఎస్9లో ఫ్లాష్ పనిచేయదు. సెన్సార్ పైనుంచి కిందకి వరసగా చదువుతుంది కాబట్టి వేగంగా కదిలేవి ఒరిగిపోయినట్టు పడతాయి. ఎల్‌ఈడీ దీపాల కింద ఫొటోలో అడ్డంగా చారలు వస్తాయి. మన ఫంక్షన్ హాళ్లలో స్టేజీ మీద ఎల్‌ఈడీ, వెనక ఎల్‌ఈడీ గోడ, బయట సీరియల్ సెట్లు. పెళ్లికూతురి మొహం మీద చారలు పడితే కంప్యూటర్‌లో తుడవడం చాలా కష్టం. పైగా ఈ జాతిలో చాలావాటికి కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ ఉండదు. మిట్టమధ్యాహ్నం తెర మీద మీ మొహమే కనబడుతుంది. రీల్సు, వంటల వీడియోలు ప్రధానమైతే ఇవి కొనుక్కోండి. ఫొటో సగం పని అయితే వద్దు.

అదే ధరల వరసలో ఫొటోని మరిచిపోని కెమెరాలు కూడా ఉన్నాయి. 2023లో వచ్చిన కానన్ ఆర్50లో 24 మెగాపిక్సెళ్లు, చిన్న ఫ్లాష్, వ్యూఫైండర్, 6కే నుంచి కుదించిన 4కే. చేతి వణుకుని సెన్సార్ దగ్గర ఆపే ఏర్పాటు మాత్రం దానికి లేదు. అదే ఏడు వచ్చిన ఫుజీఫిల్మ్ ఎక్స్-ఎస్20లో ఆ ఏర్పాటూ ఉంది, ఫ్లాషూ ఉంది, 26 మెగాపిక్సెళ్లు, మైకుకీ హెడ్‌ఫోనుకీ రెండు కన్నాలు, ధర కూడా ఒక మెట్టు పైన. ఇంకా పైకి వెళితే ఫుల్‌ఫ్రేమ్, 33 మెగాపిక్సెళ్ల సోనీ ఏ7 మార్క్ 4 లాంటివి. అవి పెళ్లిళ్లు తీసి బతికేవాళ్ల పనిముట్లు. ఇంట్లో బీరువాలో పెట్టుకోవడానికి అంత డబ్బు పెట్టొద్దు.

ధ్వని గురించి చాలామంది కొన్నాకే ఆలోచిస్తారు. కెమెరా లోపలి మైకు తనంతట తనే శబ్దం హెచ్చుతగ్గులు సర్దుకుంటుంది. పంతులుగారు మంత్రం చదువుతుంటే బాగా వినిపిస్తుంది. గట్టిమేళం మొదలవగానే డోలు దెబ్బకి మైకు భయపడి శబ్దం దించేస్తుంది. మేళం ఆగాక కూడా కాసేపు మంత్రం గొంతు పూడుకుపోయినట్టే ఉంటుంది. ఫొటోకి ధ్వనితో పని లేదు కాబట్టి ఫొటో కంపెనీలు దీన్ని చాలాకాలం పట్టించుకోలేదు. మైకు కన్నం లేని కెమెరాని వీడియో కెమెరాగా లెక్కపెట్టకండి. పెళ్లికొడుకు కండువాకి గుచ్చే చిన్న వైర్‌లెస్ మైకు ఒకటి కొంటే, కెమెరా ధరలో చిన్న భాగంతో వీడియో విలువ సగం పెరుగుతుంది.

ఇందాక ఎన్‌టీఎస్‌సీ-పాల్ తగువుకి మిగిలిందన్న తోక ఇది. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైటు సెకనుకి వందసార్లు మిణుకుతుంది. షట్టరు యాభయ్యో వంతు, వందో వంతు ఉంటే ప్రతి ఫ్రేములోనూ మిణుకులు పూర్తిగా పడి వెలుగు సమానంగా ఉంటుంది. అమెరికా అలవాటులో 30 ఫ్రేములు, అరవయ్యో వంతు పెడితే తెర మీద నీడలు పైకీ కిందకీ పాకుతాయి. 5డీ మార్క్ 2 మొదట్లో 30 ఫ్రేములు మాత్రమే తీసేది. 25 ఫ్రేములు 2010 మార్చిలో గానీ రాలేదు. ఇవాళ డల్లాస్ నుంచి అన్నయ్య తెచ్చిన కెమెరా కూడా ఎన్‌టీఎస్‌సీలోనే ఉంటుంది. మెనూలో పాల్ అని మార్చుకుంటే సరి. సోనీలో మారిస్తే కార్డు మళ్లీ ఫార్మాట్ చేయమంటుంది, కాబట్టి ముహూర్తం రోజున కాకుండా ముందురోజే చేయండి. చవకని జపాన్ నుంచి తెప్పించుకునే సోనీ బాడీల్లో మెనూ జపనీస్‌లోనే ఉండొచ్చు, అదీ చూసుకోండి.

వేడి సంగతి. కానన్ ఆర్5 2020లో వచ్చినప్పుడు 8కే వీడియో ఇరవై నిమిషాలు తీస్తుందని కంపెనీయే చెప్పింది, అదీ 23 డిగ్రీల గదిలో. మన పెళ్లిళ్లు వైశాఖంలో, షామియానా కింద. 23 డిగ్రీలు మనకి ఫ్రిజ్ తలుపు తీసినప్పుడే. చిన్న బాడీ, 4కే, ఎండ కలిస్తే ఏ కంపెనీదైనా మధ్యలో ఆగిపోవచ్చు. తెరని బాడీకి దూరంగా తిప్పి ఉంచడం, మెనూలో వేడి పరిమితి ‘హై’లో పెట్టడం, ఇంకా కావాలంటే హెచ్‌డీకి దిగడం, ఉన్న దారులివే. ఈ విషయంలో గాలి ఆడే హ్యాండీక్యాములే గట్టివి.

కార్డు లెక్క సులువు. 100 మెగాబిట్ల 4కే వీడియో గంటకి 45 జీబీ తింటుంది. మినీడీవీ టేపు రోజుల్లో గంట 13 జీబీ. వీ30 గుర్తున్న కార్డు దీనికి చాలు. ఒక పెద్ద కార్డు బదులు రెండు చిన్నవి కొనండి.

ఫోను సంగతి అడుగుతారని తెలుసు. మంచి ఫోను ఉంటే పగటిపూట ఏ చిన్న హ్యాండీక్యామ్‌కన్నా మంచి ఫొటో తీస్తుంది. రాత్రిపూట కూడా ఫొటో బాగుంటుంది, ఎందుకంటే ఒక్క నొక్కుకి అది వరసగా అనేక ఫొటోలు తీసి, కలిపి, వడగట్టి ఒకటి ఇస్తుంది. వీడియోకి ఆ వెసులుబాటు తక్కువ. పక్క ఫ్రేము వచ్చేలోపు పని ముగించాలి. అందుకే అదే ఫోనులో అదే దీపం కింద ఫొటో నున్నగా, వీడియో ఇసుక చల్లినట్టు ఉంటుంది. విచిత్రం చూడండి. ఫొటో బాగా తీసే వీడియో కెమెరా కోసం మనం వెతుకుతుంటే, జేబులో ఉన్నది ఫొటోలో మిన్న, వీడియోలో చిన్న. దీంట్లోంచి ఒక చవక దారి దొరుకుతుంది. ఫొటోలు ఫోనుకి వదిలేసి, వీడియోకి మాత్రమే ఒక హ్యాండీక్యామో, 2023లో వచ్చిన డీజేఐ ఓస్మో పాకెట్ 3 లాంటిదో కొనుక్కోవచ్చు. అంగుళం సెన్సార్, తల ఊగకుండా పట్టే గింబల్ దానిలోనే ఉంది, నడుస్తూ తీసినా పల్లకీలో కూర్చున్నట్టు వస్తుంది. దాని ఫొటోలు 9.4 మెగాపిక్సెళ్లే, కానీ ఈ ఏర్పాటులో దానితో పనేముంది?

మొదట్లో చెయ్యి అన్నాను కదా. ఫొటో తీసేవాడు క్షణం కోసం కాచుకుని, నొక్కి, కదిలి, ఇంకో చోట నిలబడతాడు. వీడియో తీసేవాడు ఒకచోట ఊపిరి బిగబట్టి నిలబడాలి. జీలకర్ర-బెల్లం పెట్టేటప్పుడు వధూవరుల చేతులు వీడియోలో రెండు నిమిషాలు నిలకడగా కావాలి, ఫొటోకి తెర దిగిన ఆ ఒక్క చూపు కావాలి. రెంటికీ ఒకే మనిషి, ఒకే కెమెరా అయితే ఏదో ఒకటి పోతుంది. ఎంత ఖరీదైన కెమెరా కొన్నా పోతుంది. కుటుంబంలో ఇంకో చెయ్యి, అది పదో తరగతి మేనల్లుడిదైనా సరే, ఉంటే చవక కెమెరాతో కూడా రెండూ దక్కుతాయి.

కాబట్టి నా తీర్పు. ఇంట్లో శుభకార్యాలు, పిల్లలు, ప్రయాణాలు కలగలిపి ఒక్కటే కొనాలనుకుంటే, మెకానికల్ షట్టరు, వ్యూఫైండర్, మైకు కన్నం మూడూ ఉన్న ఏపీఎస్-సీ కెమెరా, దానికి ఒక ఎఫ్/1.8 లెన్సు. వీడియోకి యాభయ్యో వంతు, ఫొటోకి ఎనిమిది వందలో వంతు, రెండు అమరికలూ మోడ్ డయల్ మీద విడివిడిగా దాచుకోండి. దూరం నుంచి తీయడమే ఎక్కువైతే హ్యాండీక్యామ్ లేదా బ్రిడ్జి కెమెరా. మంచి ఫోను ఇప్పటికే ఉంటే వీడియోకి మాత్రం వేరేది.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినా, మీ ఊళ్లో మెయిన్ రోడ్డు మీది షాపుకి వెళ్లినా సొంత కార్డు ఒకటి జేబులో పెట్టుకెళ్లండి. షాపు ట్యూబులైటు కింద ఒక నిమిషం వీడియో తీయండి. వీడియో నడుస్తుండగానే ఫొటో బటన్ నొక్కి ఏం జరుగుతుందో చూడండి. కొన్ని పట్టించుకోవు, కొన్ని వీడియోలోంచే ఒక ముక్క కోసి ఇస్తాయి. తర్వాత గుప్పెడు చిల్లర పైకి ఎగరేయమని షాపు కుర్రాణ్ని అడిగి, ఎనిమిది వందలో వంతు దగ్గర ఒక ఫొటో తీయండి. కార్డు ఇంటికి తెచ్చి పెద్ద టీవీలో రెండూ చూసుకోండి. నాణేలు గుండ్రంగా కనబడితే మర్నాడు వెళ్లి బిల్లు వేయించుకోండి.